గిన్నెలో కనిపించని చేప: టోక్యోలో శాకాహార రామెన్

టోక్యో స్టేషన్‌లో కెయియో లైన్ వైపు నడిచేవాళ్లకు, టికెట్ గేట్లు దాటాక లోపలే, కెయియో స్ట్రీట్ అనే దుకాణాల వరస ఎదురవుతుంది. టీస్ తాన్‌తాన్ అనే రామెన్ దుకాణం అక్కడే ఉంది. నువ్వుల ముద్దతో చిక్కబడ్డ సూప్, పైన ఎర్రగా తేలే మిరప నూనె, సోయాతో చేసిన కీమా, అడుగున నూడుల్స్. ఆ గిన్నెలో మాంసం లేదు, చేప లేదు, గుడ్డు లేదు, పాలు కూడా లేవు. జియుగవొకా ప్రాంతంలో 2009లో వీగన్ రెస్టారెంట్ పెట్టినవాళ్లే 2011లో స్టేషన్‌లో ఈ దుకాణం తెరిచారు. ఇది గేట్లకు లోపల ఉంది కాబట్టి రైలెక్కే పని లేకపోయినా ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని మరీ వెళ్తారు.

ఒక గిన్నెడు నూడుల్స్ కోసం ఇంత అవస్థ దేనికని కొత్తవాళ్లు అనుకోవచ్చు. టోక్యోలో రామెన్ దుకాణాలు వేలల్లో ఉన్నాయి. ఏ స్టేషన్ దగ్గర దిగినా నాలుగడుగుల్లో ఒకటి కనిపిస్తుంది. కానీ శాకాహారి నిశ్చింతగా కూర్చుని తినగలిగేవి వాటిలో చాలా తక్కువ. పైన పెట్టే మాంసం ముక్కలు తీసేయమని అడిగితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అక్కడే చిక్కు. రామెన్‌లో మాంసం, చేప ముక్కల రూపంలో ఉండేది కొంతే. మిగతాదంతా నీళ్లలో కరిగిపోయి ఉంటుంది.

ఐదు చోట్ల దాగిన జంతువు

రామెన్ వంటవాళ్లు గిన్నెను ఐదు భాగాలుగా చూస్తారు. మొదటిది సూప్. పంది ఎముకలో, కోడి ఎముకలో, ఎండు చేపలో గంటల తరబడి మరిగించి తీసినది. రెండోది తారే. గిన్నె అడుగున గరిటెడు పోసే చిక్కటి, ఉప్పటి ద్రావణం. సూప్‌కు ఉప్పుదనం ఇచ్చేది ఇదే. సోయా సాస్‌తో చేస్తే షోయు రామెన్, ఉప్పుతో చేస్తే షియో రామెన్, మిసో ముద్దతో చేస్తే మిసో రామెన్. మూడోది పైన తేలే సువాసన నూనె. నాలుగోది నూడుల్స్. ఐదోది పైన అమర్చేవి: పంది మాంసం, సగం ఉడికిన గుడ్డు, వెదురు చిగుళ్లు, ఉల్లికాడలు, సముద్రపు నాచు రేకు.

ఈ ఐదింటిలో కంటికి కనిపించేది చివరిది ఒక్కటే. తారే చూడటానికి సోయా సాస్ లాగే ఉంటుంది. కానీ అందులో ఎండు చేపల సారం కలపడం మామూలే. సువాసన నూనె పంది కొవ్వుతోనో కోడి కొవ్వుతోనో కాచి ఉండవచ్చు. అన్నిటికంటే ఎక్కువగా మోసపోయేది కూరగాయల రామెన్ దగ్గర. తాన్‌మెన్ అనే రకంలో క్యాబేజీ, క్యారెట్, పెసర మొలకలు గుట్టగా పోసి ఇస్తారు. ఫొటో చూస్తే పచ్చగా, నిర్దోషిగా కనిపిస్తుంది. ఆ కూరగాయలు సాధారణంగా పంది కొవ్వులో వేగినవి, కిందున్నది ఎముకల సూప్. మిసో సోయా గింజలతో చేసేదే అయినా, మిసో రామెన్ సూప్ చాలా చోట్ల పంది ఎముకలదే.

పైగా తారే, సూప్, నూనె మూడూ ముందే పెద్ద పాత్రల్లో సిద్ధమై ఉంటాయి. వచ్చినవాళ్ల కోసం ఒక గిన్నెలోంచి వాటిని వేరు చేయడం ఎంత మంచి వంటవాడికైనా సాధ్యం కాదు. శాకాహార రామెన్ కావాలంటే గిన్నె మొత్తాన్ని మొదటి నుంచి వేరుగా కట్టుకు రావాల్సిందే.

ఎముకల సూప్ అలవాటుకు వయసు నూరేళ్లు దాటింది. అసకుసాలో 1910లో తెరిచిన రైరైకెన్‌ను టోక్యో రామెన్‌కు పుట్టిల్లుగా చెబుతారు. యొకొహమా చైనా టౌన్ నుంచి వంటవాళ్లను పిలిపించి, ఎముకల సూప్‌కు జపాన్ సోయా సాస్ జోడించిన దుకాణమది. 1996లో నకానోలో మొదలైన అఓబా ఒక అడుగు ముందుకేసింది. పంది, కోడి ఎముకల సూప్‌ను ఒక పాత్రలో, ఎండు చేపల సూప్‌ను మరో పాత్రలో విడివిడిగా కాచి, వడ్డించేటప్పుడు గిన్నెలో కలిపింది. జంట సూప్ అని పేరుపడ్డ ఈ పద్ధతిని నగరంలో ఎన్నో దుకాణాలు అందుకున్నాయి. రుచి రెట్టింపు కంటే ఎక్కువైంది. ఎందుకైందో చెప్పే సమాధానం మాత్రం అదే నగరంలో ఒక ప్రయోగశాలలో చాలా ముందే దొరికింది. విచిత్రమేమిటంటే, ఆ సమాధానం మొదట దొరికింది మాంసంలో కాదు, సముద్రపు నాచులో.

పన్నెండు కిలోల నాచు

టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో రసాయనశాస్త్ర ఆచార్యుడు కికునాయె ఇకెదా. జర్మనీలోని లైప్జిగ్‌లో విల్హెల్మ్ ఓస్ట్వాల్డ్ దగ్గర చదువుకుని వచ్చినవాడు. కొంబు అనే ముదురాకుపచ్చ నాచు వేసి కాచిన సూప్‌లో తీపి, పులుపు, ఉప్పు, చేదు దేనికీ చెందని ఒక రుచి ఉందని ఆయనకు అనిపించింది. ఆ రుచికి కారణమైన పదార్థాన్ని పట్టుకోవడానికి ఎండు కొంబును నీళ్లలో కాచి, వడగట్టి, స్ఫటికాలు కట్టించి, ఒక్కో పదార్థాన్ని తీసేస్తూ పోయాడు. 1908లో మిగిలింది గ్లుటామిక్ ఆమ్లం. సుమారు పన్నెండు కిలోల కొంబు నుంచి ముప్ఫై గ్రాములు. ఆ రుచికి ఆయన ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాదికల్లా దాని సోడియం లవణం అజినొమొటో పేరుతో అంగళ్లలోకి వచ్చింది.

గ్లుటామిక్ ఆమ్లం ప్రొటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల్లో ఒకటి. ప్రొటీన్‌లో బిగుసుకుని ఉన్నంతసేపు నాలుకకు తెలియదు. విడివడి నీళ్లలో తిరిగితేనే రుచి తెలుస్తుంది. మాంసాన్ని గంటల తరబడి కాచినా, సోయాను నెలల తరబడి పులియబెట్టినా, టమాటా బాగా పండినా జరిగేది ఈ విడివడడమే. ఎండు కొంబు ఈ విషయంలో అందరికంటే ముందుంది. మంచి రకాల్లో వంద గ్రాములకు ఒక గ్రాము నుంచి మూడు గ్రాముల దాకా విడి గ్లుటామేట్ ఉంటుంది. ఇంతటి నిల్వ మాంసంలో లేదు.

మన దగ్గర టేస్టింగ్ సాల్ట్ అని పిలిచే తెల్లటి పలుకులు ఈ గ్లుటామేటే. ఇకెదా కాలంలో దాన్ని గోధుమ ప్రొటీన్ నుంచి తీసేవారు. 1950ల్లో జపాన్ శాస్త్రజ్ఞులు గ్లుటామేట్‌ను తయారుచేసే బ్యాక్టీరియాను కనిపెట్టాక, చెరకు మొలాసిస్, కర్రపెండలం పిండి లాంటివాటిని పులియబెట్టి చేస్తున్నారు. కాబట్టి సూప్‌లో అది పడినంత మాత్రాన శాకాహార నియమం చెడదు.

నాలుక మీద గుణకారం

ఇకెదా శిష్యుడు షింతారో కొదమా 1913లో రెండో పదార్థాన్ని పట్టుకున్నాడు. ఈసారి వెతికింది కత్సువోబుషిలో. ట్యూనా జాతికి చెందిన కత్సువో చేపను ఉడికించి, పొగబెట్టి, కర్రలా గట్టిపడేదాకా ఎండబెట్టి, పలచటి పొరలుగా చిత్రిక పట్టే పదార్థమది. అందులో ఇనోసినేట్ దొరికింది. మూడోది దొరకడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది. యమాసా అనే సోయా సాస్ కంపెనీలో పనిచేసే అకిరా కునినకా 1957లో గ్వానిలేట్‌కు ఉమామి రుచి ఉందని గుర్తించాడు. అది సమృద్ధిగా ఉండేది ఎండు షిటాకే పుట్టగొడుగుల్లో.

కునినకా గమనించిన అసలు సంగతి వేరే ఉంది. గ్లుటామేట్‌కు ఇనోసినేట్ గానీ గ్వానిలేట్ గానీ జోడిస్తే రుచి కూడిక లెక్కన పెరగదు, గుణకారం లెక్కన పెరుగుతుంది. గ్లుటామేట్, ఇనోసినేట్ సమపాళ్లలో కలిపితే ఉమామి ఏడెనిమిది రెట్ల దాకా పెరిగినట్టు రుచి పరీక్షల్లో తేలింది. అఓబా జంట సూప్‌లో రుచి ఎగిసిపడడానికి ఇదో కారణం. కొంబు, కత్సువోబుషి కలిపి కాచే జపాన్ సంప్రదాయ సూప్ దాషి కూడా ఏ రసాయనశాస్త్రమూ తెలియకుండానే శతాబ్దాలుగా ఈ లెక్క మీదే నడిచింది.

2002లో నాలుక మీద ఈ రుచిని పట్టే గ్రాహకం ఏదో తేలింది. టీ1ఆర్1, టీ1ఆర్3 అనే రెండు ప్రొటీన్లు జంటగా ఏర్పడి గ్లుటామేట్‌ను గుర్తిస్తాయి. ఆ తర్వాతి పరిశోధనలు గుణకారం ఎలా జరుగుతుందో చూపాయి. గ్రాహకం బయటి భాగం రెండు రెప్పల్లా తెరుచుకుని ఉంటుంది. గ్లుటామేట్ లోతుగా, రెప్పలు కలిసే మడత దగ్గర కూర్చోగానే అవి మూసుకుంటాయి. ఇనోసినేట్ గానీ గ్వానిలేట్ గానీ రెప్పల అంచుల దగ్గర అతుక్కుని, మూసుకున్నవి మళ్లీ తెరుచుకోకుండా పట్టి ఉంచుతుంది. సంకేతం ఎక్కువసేపు, బలంగా మెదడుకు వెళ్తుంది.

శాకాహారులకు ఇందులో ఒక శుభవార్త ఉంది. ఈ పట్టి ఉంచే పనిలో పుట్టగొడుగుల గ్వానిలేట్, చేపల ఇనోసినేట్ కంటే రెండింతలకు పైగా శక్తిమంతమైనది. కొంబు, ఎండు షిటాకే ఒక కుండలో పడితే చేప చేసే పని జరిగిపోతుంది.

అయితే పుట్టగొడుగులను ఊరికే నీళ్లలో పడేస్తే ఆ శక్తి బయటికి రాదు. పచ్చి షిటాకేలో గ్వానిలేట్ అంతగా ఉండదు. ఎండబెట్టినప్పుడు కణాల గోడలు చిట్లుతాయి. నానబెట్టి వేడిచేసినప్పుడు కణాల్లోని ఆర్‌ఎన్‌ఏను ఎంజైములు ముక్కలు చేస్తాయి, ఆ ముక్కల్లో గ్వానిలేట్ ఒకటి. ఈ ఎంజైములు 60 నుంచి 70 డిగ్రీల దగ్గర చురుగ్గా పనిచేస్తాయి. దానికి కాస్త తక్కువ వేడిలో మరో రకం ఎంజైములు పుట్టిన గ్వానిలేట్‌ను విరగ్గొట్టేస్తుంటాయి. అందుకే తెలిసిన వంటవాళ్లు షిటాకేను రాత్రంతా ఫ్రిజ్‌లో, చల్లటి నీళ్లలో నాననిచ్చి, ఆ తర్వాత పొయ్యి మీద పెడతారు. కొంబుకూ సున్నితమైన లెక్కే. సుమారు 60 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచితే సారం చక్కగా దిగుతుంది. తెర్లిందంటే జిగురూ చేదూ కూడా దిగుతాయి.

నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. కాల్షియం ఎక్కువగా ఉన్న కఠిన జలంలో కొంబు సారం సరిగా దిగదు. క్యోటో నీళ్ల కంటే టోక్యో ప్రాంతపు నీళ్లు కాస్త కఠినం. క్యోటో వంటల్లో కొంబు, టోక్యో వంటల్లో ఎండు చేప ముందుకు రావడానికి దీన్నొక కారణంగా చెబుతారు. కొంబు తెప్పించుకుని హైదరాబాద్‌లో బోరు నీళ్లతో ప్రయోగం చేసేవాళ్లు శుద్ధి చేసిన నీళ్లు వాడుకోవడం మంచిది.

భిక్షువుల నూడుల్స్

నాచు, పుట్టగొడుగులతో నూడుల్స్ సూప్ చేయడం వీగన్ ఉద్యమం తెచ్చిన కొత్త ఆలోచన కాదు. జెన్ గురువు దోగెన్ 1237లో ఆశ్రమ వంటవాడి విధుల గురించి తెంజో క్యోకున్ అనే పుస్తకం రాశాడు. అందులో తన చైనా ప్రయాణపు ముచ్చట ఒకటి చెబుతాడు. 1223లో ఆయన ఓడ నింగ్బో రేవులో ఆగి ఉన్నప్పుడు, అరవై ఏళ్లు దాటిన ఒక ఆశ్రమ వంటవాడు మైళ్ల దూరం నడిచి ఓడ దగ్గరికి వచ్చాడు. మర్నాడు పండగ. భిక్షువులకు నూడుల్స్ సూప్ చేయాలి. అందులోకి కావలసిన సరుకు జపాన్ ఓడలో ఉంటుందని కొనడానికి వచ్చాడు. ఆ సరుకు ఎండు పుట్టగొడుగులని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. ఈ వయసులో ధ్యానం చేసుకోక వంటపని ఎందుకని దోగెన్ అడిగితే ఆ పెద్దాయన నవ్వాడట.

జెన్ ఆశ్రమాల్లో స్థిరపడ్డ ఈ వంట పద్ధతే షోజిన్ ర్యోరి. మాంసం, చేప, గుడ్డు నిషిద్ధం. వాటితోపాటు ఉల్లి, వెల్లుల్లి జాతి ఘాటు దినుసులు కూడా నిషిద్ధం. ఉల్లి, వెల్లుల్లి ముట్టని మడివంటలు తెలిసిన తెలుగువాళ్లకు ఈ నియమం కొత్త కాదు. టోక్యోలో వీగన్ రామెన్ తిన్నంత మాత్రాన ఈ నియమం పాటించినట్టు కాదు. అక్కడి వీగన్ రామెన్లలో ఉల్లికాడలు, వెల్లుల్లి నూనె తరచుగా ఉంటాయి.

వెల్లుల్లిని రామెన్ వంటవాళ్లు అంత సులభంగా వదులుకోలేకపోవడానికి వాసన ఒక్కటే కారణం కాదు. వెల్లుల్లి, ఉల్లిలోని కొన్ని గంధక సమ్మేళనాలకు, చిన్న పెప్టైడ్లకు సొంత రుచి దాదాపు ఉండదు. అవి కలిస్తే మాత్రం ఉమామి, ఉప్పు ఎక్కువసేపు, నోరంతా నిండినట్టు తెలుస్తాయి. జపాన్ పరిశోధకులు దీన్ని కొకుమి అంటారు. ఈ పెప్టైడ్లు నాలుక మీద కాల్షియంను పసిగట్టే గ్రాహకాన్ని తాకుతాయని 2010లో తేలింది. ఆశ్రమ వంటవాళ్లు ఈ లోటును వేయించిన నువ్వులతో, నెలల తరబడి ఊరిన మిసోతో, వేయించిన తోఫుతో పూడ్చుకున్నారు.

ఇక్కడొక సందేహం రావాలి. శాకాహార సంప్రదాయం ఇంత పాతదైతే నగరంలో శాకాహార రామెన్ ఇంత అరుదెందుకు? 675లో తెమ్ము చక్రవర్తి ఆవు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను నిషేధించాడు. అప్పటి నుంచి 1872లో మెయిజీ చక్రవర్తి బహిరంగంగా గొడ్డుమాంసం తిన్నాడన్న వార్త వెలువడేదాకా జపాన్‌లో మాంసాహారం మీద ఏదో ఒక రూపంలో ఆంక్ష ఉంటూనే వచ్చింది. చేప మాత్రం ఆ జాబితాలో లేదు. సామాన్యుల ఇళ్లలో చేప సూప్ నీళ్లంత మామూలు దినుసైపోయింది. రామెన్ ఆ నీళ్ల మీద, మాంసం తిరిగొచ్చిన కాలంలో పుట్టింది. ఆశ్రమం వంటగదికీ వీధి దుకాణానికీ మధ్య రాకపోకలు లేకపోయాయి.

చిక్కదనం ఎక్కడి నుంచి తేవాలి

ఉమామి సమస్య కొంబు, షిటాకేతో తీరింది. తీరనిది చిక్కదనం. క్యూషూ దీవిలో పుట్టిన తొన్‌కొత్సు రామెన్ సూప్ పాలలా తెల్లగా ఉంటుంది. పంది ఎముకలను పన్నెండు గంటలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువసేపు, పెద్ద మంట మీద తెర్లించాలి. ఎముకల్లోని కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. సలసల తెర్లే నీళ్ల ఊపుకు కొవ్వు చిన్న చిన్న బిందువులుగా పగిలిపోతుంది. జెలటిన్ ఆ బిందువులను మళ్లీ కలవనివ్వకుండా అడ్డుకుంటుంది. కోట్ల కొవ్వు బిందువులు వెలుతురును చెల్లాచెదురు చేయడం వల్ల సూప్ తెల్లగా కనిపిస్తుంది. పెదాలు అతుక్కునే జిగట జెలటిన్‌ది.

కూరగాయల్లో కొల్లాజెన్ లేదు. అయినా నూనె బిందువులను నీళ్లలో నిలిపి ఉంచే పని జెలటిన్ ఒక్కటే చేయగలదని కాదు. సోయా పాలలో ప్రొటీన్, లెసితిన్ కలిసి సరిగ్గా ఆ పనే చేస్తాయి. అందుకే టోక్యోలో వీగన్ తొన్‌కొత్సు అని అమ్మేవాటికి సోయా పాలే తరచుగా ఆధారం. దీంట్లో ఒక గండం ఉంది. ఉప్పు, పులుపు, ఎక్కువ వేడి ఒకేసారి తగిలితే సోయా ప్రొటీన్ ముద్దకట్టి సూప్ విరిగిపోతుంది. ఆ పాలను విడిగా, తెర్లనివ్వకుండా వేడిచేసి చివర్లో కలపడం ఇందుకే.

నువ్వుల ముద్ద రెండో దారి. మెత్తగా నూరిన నువ్వుల్లో నూనె, ప్రొటీన్, పీచు అన్నీ ఉంటాయి కాబట్టి సూప్ చిక్కబడుతుంది, వేపుడు వాసన అదనం. టీస్ తాన్‌తాన్ ఎంచుకున్నది ఈ దారినే. దాని మాతృక చైనా సిచువాన్ ప్రాంతపు దాన్‌దాన్ నూడుల్స్. సిచువాన్ నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడ్డ చెన్ కెన్‌మిన్ అనే వంటవాడు దాన్ని అక్కడివాళ్ల అలవాటుకు తగ్గట్టు సూప్‌తో కూడిన వంటకంగా మార్చాడు. నువ్వులు, మిరప నూనె మొదటి నుంచీ ఆ వంటకానికి వెన్నెముక. అందుకే అందులో ఎముకల సూప్ తీసేసినా గిన్నె కుప్పకూలదు.

తొన్‌కొత్సుకు పేరుపడ్డ ఇప్పూదో అనే సంస్థ 1985లో ఫుకువొకాలో పుట్టింది. 2021లో ఆ సంస్థ ఫుజి ఆయిల్ కంపెనీతో కలిసి, సోయా ఆధారంగా తన ప్రసిద్ధ అకమారు రామెన్‌కు మొక్కల రూపం తయారుచేసి పరిమిత కాలం అమ్మింది. పంది ఎముకల మీద పేరు తెచ్చుకున్నవాళ్లే ఎముకలు లేకుండా ఆ రుచిని పునర్నిర్మించే ప్రయత్నం చేయడం విశేషం. తొన్‌కొత్సు శైలికే చెందిన క్యూషూ జంగరా కూడా హరజుకులో వీగన్ రామెన్ పెడుతుంది.

అందరూ తొన్‌కొత్సును అనుకరించలేదు. ఎబిసులో 2003లో మొదలైన అఫురి, యుజు అనే నిమ్మజాతి పండు పరిమళంతో తేలికైన షియో రామెన్‌కు పేరుపొందింది. వాళ్లు ప్రవేశపెట్టిన వీగన్ రామెన్‌లో తామర దుంప కలిపిన నూడుల్స్, రంగురంగుల కూరగాయలు ఉంటాయి. 2011లో కొజిమాచిలో తెరిచిన సొరానోఇరో, క్యారెట్‌ను సూప్‌కు పునాది చేసుకుని కూరగాయల రామెన్‌ను ప్రయోగశీలుల దృష్టికి తెచ్చింది. తొయొసులోని టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్ ప్రదర్శనశాల ఆవరణలో 2021 నుంచి వీగన్ రామెన్ ఉజు నడుస్తోంది. క్యోటోలో అంతకు ముందే మొదలైన దుకాణానికి ఇది తోబుట్టువు.

పసుపు రంగు చూసి భయపడొద్దు

గుడ్డు తినని తెలుగు శాకాహారి రామెన్ నూడుల్స్ చూసి ముందు జంకేది వాటి పసుపు రంగుకు. ఆ రంగు గుడ్డుదే కానక్కర్లేదు. రామెన్ పిండిలో కన్‌సుయి అనే క్షార జలం కలుపుతారు. అందులో ఉండేవి సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్. గోధుమపిండిలోని ఫ్లేవోన్లు మామూలుగా రంగు లేకుండా ఉంటాయి, క్షారం తగలగానే పసుపు తిరుగుతాయి. అదే క్షారం గోధుమ ప్రొటీన్‌ను బిగించి, వేడి సూప్‌లో నానినా నూడుల్ మెత్తబడిపోకుండా సాగే గుణం ఇస్తుంది. రామెన్ నూడుల్స్‌కు ఉండే ప్రత్యేకమైన వాసన కూడా దీనిదే. మినప అప్పడాల పిండిలో క్షారం కలిపే ఇళ్లవాళ్లకు ఆ వాసన పరాయిది కాదు.

అయితే కొన్ని నూడుల్స్‌లో నిజంగానే గుడ్డు పడుతుంది. హొక్కైదో దీవిలోని సప్పొరో శైలి, వంకీలు తిరిగిన లావు నూడుల్స్‌లో ఇది తరచుగా కనిపిస్తుంది. హకాతా శైలి సన్నటి, నిటారు నూడుల్స్‌లో సాధారణంగా ఉండదు. రంగు చూసి తేల్చుకోవడం కుదరదు కాబట్టి అడగడమే మార్గం.

చుక్క లేని దేశంలో వెతకడం

మన దేశంలో తినుబండారం ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందా లేదా అని చూస్తే సగం పని అయిపోతుంది. జపాన్‌లో అలాంటి తప్పనిసరి గుర్తు లేదు. ఉన్నది అలర్జీ కారకాల పట్టిక. గుడ్డు, పాలు, గోధుమ, రొయ్య, పీత లాంటివి ప్యాకెట్ ఆహారం మీద చెప్పి తీరాలి. కోడి, పంది మాంసం, జెలటిన్ చెబితే మంచిది అన్న జాబితాలో ఉన్నాయి. కత్సువో చేప ఈ రెండు జాబితాల్లోనూ లేదు. కాబట్టి అలర్జీ పట్టికలో గడులన్నీ ఖాళీగా ఉన్నా సూప్‌లో చేప ఉండే అవకాశం పూర్తిగా ఉంది. హోటళ్లకైతే ఈ పట్టిక కూడా చట్టరీత్యా తప్పనిసరి కాదు. గొలుసు హోటళ్లు చాలావరకు తమంతట తాముగా పెడతాయి.

2022లో జపాన్ వ్యవసాయ శాఖ శాకాహార, వీగన్ ఆహారాలకు, వాటిని వడ్డించే హోటళ్లకు జాతీయ ప్రమాణాలు ప్రకటించింది. అది కూడా స్వచ్ఛందమే. ఇష్టమున్నవాళ్లు తనిఖీ చేయించుకుని ముద్ర వేసుకోవచ్చు. చిన్న రామెన్ దుకాణాలకు ఆ ఖర్చు, తీరిక రెండూ కష్టమే.

దుకాణం లోపల మరో చిక్కు. చాలా చోట్ల గుమ్మం పక్కనే టికెట్ యంత్రం ఉంటుంది. డబ్బులు వేసి, బొత్తాం నొక్కి, వచ్చిన చీటీ వంటవాడికి ఇవ్వాలి. మనిషితో మాట్లాడే అవకాశం డబ్బు చెల్లించాకే వస్తుంది. కాబట్టి ప్రశ్నలు యంత్రం దగ్గరికి వెళ్లకముందే అడగడం మంచిది. మాంసం వద్దు అన్న ఒక్క మాట చాలదు, అది పైన పెట్టే ముక్కల గురించే అనుకుంటారు. సూప్‌లో, తారేలో, నూనెలో పంది, కోడి, కత్సువో, నిబోషి ఉన్నాయా అని పేరుపేరునా అడగాలి. నిబోషి అంటే ఎండు నెత్తళ్లే.

నూడుల్స్ ఉడికే నీళ్ల పట్టింపు ఉన్నవాళ్లు ఇంకో ప్రశ్న కూడా అడగాల్సి ఉంటుంది. మామూలు దుకాణంలో వీగన్ గిన్నెకూ, గుడ్డు నూడుల్స్‌కూ ఒకే కాగు వాడొచ్చు. ఒకే కత్తిపీట మీద పంది మాంసం, ఉల్లికాడలు తరిగి ఉండొచ్చు. గుడ్డు, మాంసం అసలు లోపలికే రాని పూర్తి వీగన్ దుకాణంలో ఈ బెడద ఉండదు. టీస్ తాన్‌తాన్, ఉజు లాంటివి ఈ కోవలోకి వస్తాయి. మామూలు జాబితాలో ఒకటో రెండో వీగన్ గిన్నెలు పెట్టే జంగరా, అఫురి లాంటివి రెండో కోవ.

తూర్పు టోక్యోలో ఎదొగవా వార్డులోని నిషి కసాయి భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే ప్రాంతం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్లిన తెలుగువాళ్లూ అక్కడ కనిపిస్తారు. వాళ్లలో పాలు, పెరుగు తింటూ గుడ్డు ముట్టనివాళ్లున్నారు, ఏకాదశి నాడు ఉల్లి మానేసేవాళ్లున్నారు. జపాన్‌లో శాకాహారం అని రాసి ఉన్న వంటకంలో గుడ్డు ఉండవచ్చు కాబట్టి, పాలు తినేవాళ్లకు కూడా వీగన్ అని రాసి ఉన్నది ఎంచుకోవడమే నికరం. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దనుకుంటే రామెన్ దుకాణంలో దొరకడం కష్టం. అలాంటివాళ్లు షోజిన్ వంటకాలు పెట్టే చోటు వెతుక్కోవచ్చు. అక్కడ రామెన్ ఉండకపోయినా, కొంబు, షిటాకే సూప్‌లో వేసిన ఉదోన్ నూడుల్స్ ఉన్నాయేమో అడగవచ్చు.